బియ్యం డబ్బా మీది బిళ్ల

గురువారం రాత్రి, ఖఫ్జీ, సౌదీ

రూములో నాతో మిగిలిన ఒక్క నర్సన్న కూడా తన ఆకుపచ్చ బిళ్ల తిరిగి ఇచ్చేశాడు.

పాత ఆయిల్ క్యాంపు బంగళాల్లో పనికెళ్లి కిచెన్ అల్మారాలు ఊడగొట్టినప్పుడల్లా వెనకాల ఒకటో రెండో దొరికేవి, ఎప్పటివాళ్లో ఆడి వదిలేసిన పోకర్ బిళ్లలు. మట్టివి, మీద గుర్రం తల అచ్చు. కడిగి పాలపొడి డబ్బాలో దాచుకునేవాణ్ణి. జూదం సామాను రూములో ఎందుకని తిట్టినవాళ్లే చివరికి తలో రంగు తీసుకున్నారు. ఎవరి బిళ్ల బియ్యం డబ్బా మీద ఉంటే ఆ రోజు వంట వాళ్లది.

తర్వాత ఉద్యోగాలు ముందు ఇక్కడివాళ్లకే అంటూ నితాఖత్ వచ్చింది, దాని మీద బయటివాళ్లకు తలకింత అని లెవీ. ఇక్కడ ఉండనిచ్చే మా ఇకామా కార్డులు కంపెనీ రెన్యువల్ చేయడం మానేసింది. ఇంటికి ఎగ్జిట్ పడ్డవాడల్లా తన బిళ్ల పాలపొడి డబ్బాలో వేసి వెళ్లిపోయాడు.

"ఉంచుకో అన్నా, యాదికుంటది" అన్నాను పొద్దున.

"వద్దు తమ్మీ. ఒక్కటి పోయినా నీ సెట్టు ఖరాబైతది. ఎయిర్‌పోర్టుల దొరికితే అదో పంచాది" అంటూ నా చేతిలో పెట్టి వ్యాన్ ఎక్కాడు నర్సన్న.

ఏడుపేమీ రాలేదు. బిళ్లకు అంటిన నూనె జిడ్డు సబ్బుతో కడిగి డబ్బాలో వేశాను. నా ఇకామా ఎప్పటిదాకా ఉందో చూడాలి. రేపు చూస్తాను.

నాది నల్లది. చూసేవాళ్లు లేకపోయినా బియ్యం డబ్బా మీద పెట్టాను. రేపు వంట నాదే. ఒక్క మనిషికి ఎంత బియ్యం పోయాలో ఇన్నేళ్లలో ఎప్పుడూ కొలవలేదు.