మెల్దా చెప్పిన పొద్దు

చి. రోస్నీదాకు అమ్మ ఆశీస్సులు. క్షేమంగా జయపురా చేరాను. విమానం నడిపే ఉద్యోగం మానమని నీ కూతురికి నచ్చజెప్పమన్నావు కదా, సంగతి విను.

జకార్తా నుంచి ఇక్కడికి సుమారు మూడు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు, ఐదు గంటలు గాలిలోనే. మెల్దా నడిపే విమానమే ఎక్కాను, రంజాన్ ఉపవాసంతోనే. కింద సముద్రం నల్లబడగానే పక్క సీటు మకస్సర్ వ్యాపారి ఖర్జూరం తీశాడు. అప్పుడే మైకులో మెల్దా గొంతు వినిపించింది.

"కింద ఊళ్లలో పొద్దు గుంకింది గాని, ఇంత ఎత్తులో మనకింకా కనబడుతోంది. గడియారాలు చూడకండి. నేను చెప్పేదాకా ఆగండి."

"ఈ పిల్ల కడుపు నిండా తినొచ్చినట్టుంది, పెద్దమ్మా!" అని ఆయన గొణిగాడు.

"అది నా మనవరాలు. ఆ ఖర్జూరం డబ్బాలో పెట్టు," అన్నాను. పెట్టాడు.

వెనకవైపు ఆకాశంలో ఎర్రటి అంచు మునిగాక "ఇక ఉపవాసం విడవండి" అంది. నా గడియారంలో మన ఊరి పడాంగ్ టైము ఇంకా నాలుగున్నరే. తూర్పుకు ఎగిరాం కనుక పొద్దు గుంకడమే ముందొచ్చింది. ఇంట్లో అయితే ఆ వేళకు నీళ్లు ముట్టనిచ్చేదాన్నా? విమానమంతా దాని మాట మీద గుక్కెడు నీళ్లు తాగింది, నేనూ తాగాను.

నువ్వు చెప్పమన్నది చెప్పలేదు, చెప్పను.

మిరపకాయలు ఎండలో వేశావా? వంటింటి కప్పు బాగుచేయించు. మెల్దాకు బాగా ఇగిరిన రెండాంగ్ మాంసం పంపు, చిక్కింది.

పండక్కి వస్తాను. తిరుగు టిక్కెట్టూ అది నడిపే విమానానికే తీసుకున్నాను. పిల్లలకు దీవెనలు.

మీ అమ్మ