గోరింటాకు అని అబద్ధమాడిన సంగతి

లాలాగూడ, సికింద్రాబాద్
బుధవారం

లచ్చవ్వ అక్క కాళ్లకు మొక్కి నీ చెల్లె బాలమణి రాసుకునేది. ఇక్కడ నేను, కొడుకు రమేశు, పిల్లలు బాగనే ఉన్నం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావకు దగ్గు ఎట్లుంది? చలిల బయట కూసోవద్దని చెప్పు. మందులు మరువొద్దను. మేం బాగనే ఉన్నం, రంది పెట్టుకోకు.

ఈ సంగతి ఫోన్ల ఎందుకు చెప్పలేదంటవేమో. ఇల్లు ఒక్క అర్ర. ఏం మాట్లాడినా రమేశు ఇంటడు, ఇంటే నన్ను పనికి పోనియ్యడు. అందుకే రాస్తున్న. నాది రెండో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకొని చదువు.

నేను కాప్రా అవతల విత్తనాల గోదాంల చేస్తున్న గదా. మక్క విత్తనాలకు పురుగు పట్టకుండ ఎర్ర మందు పట్టించి మా ముంగట పోస్తరు, మేం సంచులల్ల నింపుతం. ఆ ఎరుపు గోర్లల్ల దిగింది, సబ్బుకు పోదు. చేతులు ఒక్కటే మంట. బువ్వ కలుపుకుంటే చేదు తగులుతుందని ఈ వయసుల చెంచతోని తింటున్న. భయపడకు, తినుడైతే తింటున్న.

గ్లౌజులు, మాస్కులు బీరువల పెట్టి తాళమేస్తరు. ఎవరన్న చూడ వస్తుండ్రంటేనే బయటికి తీస్తరు. పోయిన వారం ఆ విత్తనాలు కొనే పెద్ద కంపెనీ ఒక పిల్లను తనిఖీకి పంపింది. మా సూపర్‌వైజర్ మల్లేశం ముందుగాల్నే అందరిని నిలబెట్టి, "గ్లౌజులు రోజూ ఇస్తుండ్రు అనుండ్రి. ఎక్కువ తక్కువ మాట్లాడితే ఆర్డర్ పోతది, అందరు ఇంట్ల కూసుంటరు" అన్నడు.

ఆమె తెలుగు పిల్లనే. వచ్చి నా పక్కన సంచి మీద కూసున్నది. "పెద్దమ్మా, గ్లౌజులు ఒక్కసారి తీస్తరా?" అన్నది. తీసిన. "చేతులకు ఈ ఎరుపేంది?" అన్నది. "గోరింటాకు బిడ్డా" అన్న.

మీ మరిది పోయినంక నేను గోరింటాకు ముట్టలేదని నీకు ఎరుకే గదా అక్కా. ఆ పిల్ల నా నొసలు చూసింది, గాజుల్లేని చేతులు చూసింది. అబద్ధమని తెలిసిపోయిందని నాకు ఇంకా బుగులైంది. వెనుకనుంచి యాదమ్మ, నాతోని పని చేసేదే, "అవ్వకు మళ్ల లగ్గం కుదిరినట్టుంది, మనకు చెప్పనే లేదు" అన్నది. అందరు నవ్విండ్రు. నేను సుత నవ్విన. నవ్వుకుంటనే మీ మరిది యాదికొచ్చి కండ్ల నీళ్లు తిరిగినయి.

పోయేముందు ఆ పిల్ల, "ఈ విత్తనాలు మా కంపెనీ పేరు మీదనే అమ్ముతరు పెద్దమ్మా. మీ చేతులు ఖరాబైతే ఆ తప్పు మాది సుత. సోమవారం మళ్ల వస్తా" అన్నది. ఎక్కడి కంపెనీ, నా చేతులతోని దానికేం పని? తప్పు మాది అన్న పెద్దోళ్లను నేనెన్నడు చూడలే.

నీ కోడలు సునీతను ఈ పనికి పంపుతనన్నవు. పంపకు. కడుపుతోని ఉన్న పిల్ల ఈ మందు వాసనల కూసోవద్దు. మొన్న ఫోన్ల మంచి పని అని చెప్పింది నేనే. ఆ మాట నన్ను కోస్తున్నది.

సోమవారం ఆ తనిఖీ పిల్ల మళ్ల వచ్చి లోపలి అర్రలకు నన్నే పిలిచింది. మల్లేశం తలుపుకాడ నిలబడితే బయటికి పొమ్మన్నది. "గోరింటాకు కాదు బిడ్డా, మందు. గ్లౌజులు మీరొచ్చిన్నాడే ఇస్తరు" అన్న. రాసుకున్నది. "మరి ఆర్డర్ తీసేస్తరా?" అని అడిగిన. "మేం తీసేసి పోతే మీ చేతులు బాగైతయా? వీళ్లు సవరించేదాకా వెంటబడతం. మీ పేరు చెప్పం" అన్నది. పేరు చెప్పేదేముంది అక్కా, లోపలికి పోయింది నేనొక్కదాన్నే గదా.

నిన్నటిసంది మల్లేశం నాతోని మాట్లాడుతలేడు. పనికి పోయే వ్యాన్ల యాదమ్మ "మా నోట్ల మన్ను కొట్టినవు గదా అవ్వా" అని మొకం తిప్పుకున్నది. పాపం, దానికి సుత దగ్గు ఆగుతలేదు. గ్లౌజులైతే నిన్న ఇచ్చిండ్రు, ఇయ్యాల ఇచ్చిండ్రు. రేపేమైతదో.

అమాస దాటినంక మా ఓనర్‌ను, ఆ కంపెనీ పెద్దోళ్లను ఒక్కకాడ కూసోబెడ్తరట. నాకిష్టమైతేనే వచ్చి చెప్పమని ఆ పిల్ల సోమవారమే అన్నది. "వస్త" అన్న. ఎందుకన్ననో నాకే తెల్వదు. ఓనర్ ఒక్క కేకేస్తే ఏం చెప్తనో ఏమో.

ఎవరన్న ఇటు వస్తే ఒక సీసల ఆముదం పంపు, చేతులకు రాసుకుంట. బావకు, వాడకట్టు పెద్దలకు నా దండాలు చెప్పు. పిల్లలకు దీవెనలు. నేను బాగనే ఉన్న.

నా పని పోవద్దని మొక్కు అక్కా. అంతకన్న ముందుగాల, ఓనర్ మొకం చూసి నేను మాట తిప్పొద్దని దీవించు.

నీ చెల్లె,
బాలమణి