చెప్పుల దగ్గర నీ జాగా

యాదగిరి మామ పడుగు కోసింది నేనే. నువ్వు కాదు.

దావీదన్నా, ఈ ఒక్క మాట రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రోజు మామ వాళ్లు మగ్గానికెక్కించే పడుగు నూలును వీధి పొడవునా చాపి, గంజి పెట్టి ఆరేశారు. కాపలా నువ్వు. అందరూ అన్నానికి పోయారు, నువ్వు నీళ్లకు పోయావు. నేను కొడవలితో అడ్డంగా కోసేశాను. ముందురోజు మగ్గం నేర్పమని అడిగితే మామ నలుగురిలో నవ్వాడు కదా, "నీ చేతులు మట్టి పనికేరా, నువ్వు పట్టుకుంటే పోగే సిగ్గువడ్తది" అని. ఆ మాట ఇప్పటికీ మండుతోంది. అయినా నేను కోసింది ఆ ఇంటి తిండి.

నువ్వు తిరిగొస్తూ నా చేతిలో కొడవలి చూశావు. మామ నీ చొక్కా పట్టుకుంటే "నేనే కోసిన" అన్నావు. నిన్నెవరు చెప్పమన్నారు? నేనడిగానా? చర్చిలో సంఘ పెద్దలు నిన్ను నెలనెలా రొట్టె పంచే ప్రభువు బల్లకు రావద్దన్నారు. పాటలకు నువ్వు వాయించే డోలక్ ఇంకొకరికిచ్చారు. ఆ నెల నేను మాత్రం రొట్టె తీసుకున్నాను. వారానికే పని వెతుక్కుంటూ భివండి వచ్చేశాను. నువ్వు ఇప్పటికీ చర్చి గుమ్మంలో చెప్పుల దగ్గరే కూర్చుంటున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది.

నేను బాగానే ఉన్నాను. వాన ఆగడం లేదు. అమ్మ చేసేలాంటి జొన్నరొట్టె దొరకదు. కార్ఖానాలో కరెంటు మగ్గాల దగ్గర పని. పోగు తెగితే మగ్గం ఆగుతుంది, నేను ముడివేస్తాను. రోజంతా తెగినవి ముడివేయడమే. నా చేతులు పోగు పట్టుకున్నాయని మామకు చెప్పు. వద్దు, చెప్పకు. అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి?

మొన్న ఆదివారం ఇక్కడి తెలుగు సంఘంలో లేచి నిలబడి అంతా ఒప్పుకున్నాను. పాస్టరు అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టారు.

"యేసయ్య క్షమించిండు తమ్మీ. ఇగ ఫికర్ వెట్టుకోకు."

"మరి మా అన్న సంగతేందయ్యా?"

"జర ఆగు, ముందు ముక్కు తుడుచుకో."

బయటికొచ్చి రెండు పళ్లేల అన్నం తిన్నాను. ఒళ్లు దూదిలా తేలింది. అదే నాకు అర్థం కావడం లేదు. నువ్వు చెప్పుల దగ్గరుంటే నేనెలా తేలికయ్యాను? దేవుడు క్షమించాడా, నాకు ఆకలేసిందా? యాదగిరి మామకైతే సంగతే తెలియదు, ఆయనెప్పుడు క్షమించాలి? నువ్వు చెప్పింది కూడా అబద్ధమే, అదీ పాపమే కదా? నీ మీద అరవాలనీ ఉంది, నీ కాళ్లు పట్టుకోవాలనీ ఉంది.

ఫోన్ చేస్తే నువ్వు మాట మారుస్తావు. అందుకే కాగితం. అమ్మకు వందనాలు చెప్పు. నాకోసం ప్రార్థన చేయమను, ఎందుకో కూడా నువ్వే ఆమెకు చెప్పు.

వచ్చే నెల మొదటి ఆదివారం బల్ల ఉంది. రొట్టె పంచకముందే ఈ ఉత్తరం సంఘంలో నిలబడి చదువు. తర్వాత మామ ఇంటికి తీసుకుపో. చదువుతావో లేదో, దానికి ముందు గురువారం పొద్దుగూకేలోపు ఫోన్లో నాకు తెలియాలి. చదువుతానని నీ దగ్గర్నుంచి మాట రాకపోతే శుక్రవారం బస్సెక్కుతాను. ఆదివారం చెప్పుల దగ్గర నీ జాగాలో నేను కూర్చుంటాను. నువ్వు లేచి లోపలికి పోవాలి.

నీ తమ్ముడు
ఏలియా