పాపకు ఆయాసం తగ్గింది

ఏమండీ,
మీరు పోయాక వచ్చిన మొదటి ఉగాది ఇది. మన పాపకు ఆయాసం తగ్గింది. దోమల కాయిల్, అగరొత్తులు, ఘాటు ఫినాయిల్ ఇంట్లో వద్దన్నారు ఆత్మకూరు డాక్టరమ్మ. అన్నీ మానేశాను. కిటికీలకు మెష్ కొట్టించాను. ఉత్త నీళ్లతోనే ఇల్లు తుడుస్తున్నాను.

నిన్న పాప ఉదయగిరి కొండ మెట్లు ఆగకుండా ఎక్కింది. మీరైతే భుజాన మోసేవారు.

"అమ్మా, నాకు దగ్గు రాలా! నాయనకి చెప్పు!" అని పైనుంచి అరిచింది.

"చెప్తాలే, మెల్లగా దిగు" అన్నాను.

పక్కింటి వదిన వచ్చి, "ఏంది, మీ ఇంట్లో ఆ ఘాటు వాసనే లేదే? బాగుండాది. మేమూ మానేస్తాం" అంది. మీరుంటే ఈ మాట వీధంతా చెప్పుకొచ్చేవారు.

ఇన్నాళ్లూ పాప పిల్లికూతల ఊపిరి వింటూ పడుకునేదాన్ని. ఇప్పుడు పాప హాయిగా నిద్రపోతోంది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. నాకే నిద్ర పట్టడం లేదు.