ఎర్రచుక్క పెట్టిన తూటా

లూయిస్‌టౌన్, మోంటానా
1987 డిసెంబరు 6, ఆదివారం

మిత్రుడు హాలిస్‌కు ఆర్విల్ నమస్కారాలు.

ఇక్కడ నేనూ, నా కుక్కా కులాసా. నా మోకాలి సంగతి మాత్రం అడగొద్దు. నీ కన్ను ఎలా ఉందో అడిగే మొహం లేక ఏడాదిగా మీ వీధి వైపే రాలేదు. పోస్టాఫీసుకు కూడా చుట్టు తిరిగి వెళ్తున్నాను.

పొద్దున మీ ఆవిడ వెర్నా ఫోన్ చేసింది. ఇరవై రెండేళ్ళుగా కొత్త వేటగాళ్ళకు జాగ్రత్తలు నేర్పుతున్నవాడివి, ఈ గురువారం మన వేట క్లబ్బులో ఆ పని వదిలేస్తానని చెప్పబోతున్నావట. "పొయ్యి ఆపానా లేదా అని మూడేసిసార్లు అడుగుతున్నాడు. కారు తాళాలు నా చేతికిచ్చేశాడు. తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది ఆర్విల్" అంది.

మీ నాన్న తుపాకికి తూటాలు దొరకడం ఆగిపోయి నలభై ఏళ్ళయింది. కిందటేడు దాన్ని ఒక్కసారి ఎల్క్ దుప్పుల వేటకు తీసుకెళ్ళాలని నువ్వు ముచ్చటపడితే, వేరేరకం తూటాల ఖాళీ ఇత్తడి తొడుగుల్ని దానికి సరిపోయేలా చేసిస్తానని నేనే ముందుకొచ్చాను. "చూపు ఆనుతుందా ముసలోడా?" అన్నావు. "పోయినసారి మొద్దును చూసి ఎల్క్ అని కాల్చింది నేను కాదులే" అన్నాను.

మైనం రాసి డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కితే తొడుగు మెడ ఇరుకవుతుంది. ఇరుకైన చోట ఇత్తడి పోగై దళసరెక్కుతుంది. దాన్ని లోపల తొలిచి, కొలిచి చూడాలి. లేకపోతే గుండు బిగుసుకుని పేలుడు వెనక్కి తంతుంది. ఇది నువ్వు క్లాసులో చెప్పే పాఠమే. తొడుగు అడుగున పాత రకం పేరే ఉంటుంది కాబట్టి, కొలిచినదానికి వెర్నా ఇచ్చిన గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టడం మన అలవాటు. చుక్క ఉంటే నువ్వు మళ్ళీ కొలవవు. నేను ఇరవై చేసిచ్చాను. తుపాకిమందు పోసి గుండ్లు బిగించింది నువ్వు.

నాలుగో తూటాకే తుపాకి కర్ర చీలి నీ మొహం కాలింది, కుడికన్ను పోయింది. తర్వాతి గురువారం క్లబ్బులో అందరూ ఏమైందని అడిగితే, "మందు రెండుసార్లు పోసుంటాడు" అన్నాను. కంటికి కట్టుతో కూర్చున్న నువ్వు కాసేపు ఆలోచించి, "అయ్యుండొచ్చు" అన్నావు.

నలుగురిలో నీ గురించి ఆ మాట అనకుండా ఉండాల్సింది. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. నన్ను క్షమించు. నేర్పడం మాత్రం మానకు.

నీ
ఆర్విల్

తా.క. రాసింది మళ్ళీ చదువుకున్నాను. సగం దాచి క్షమాపణ అడుగుతున్నాను. సీసాలో రంగు ఎండిపోతోందని ఇరవైకీ ముందే చుక్కలు పెట్టేసి, తర్వాత తొలిచి కొలవడం మొదలుపెట్టాను. పదహారు అయ్యాక భోజనానికి లేచాను. తిరిగొచ్చి చూస్తే అన్నిటికీ చుక్కలున్నాయి. అన్నీ అయిపోయాయనుకుని పెట్టెలో సర్దేశాను.

అక్కడిదాకా పొరపాటే. నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాక, ఆ నాలుగో తూటా తొడుగును తుపాకిలోంచి ఊడదీసి జేబులో వేసుకున్నాను. ఆ సాయంత్రమే కొలిచాను. మెడ దళసరిగానే ఉంది. క్లబ్బులో ఆ మాట అనేటప్పటికే నాకు తెలుసు హాలిస్.

అది ఈ కవర్లోనే ఉంది. మసిబారింది గానీ చుక్క చెరగలేదు. గురువారం నీ మైక్రోమీటరు తీసుకురా. అందరి ముందూ నువ్వే కొలువు. నేను ముందు వరుసలో కూర్చుంటాను.