గ్యాస్ మూత మీద బొట్టు

క్యారీ,
జూన్ 2006

తమ్ముడూ శంకరం,

నువ్వూ రజినీ చల్లగా ఉండాలని పొద్దున దీపం దగ్గర అనుకుని ఈ కాగితం తీశాను. ఫోన్‌లో చెప్పలేను. పక్షవాతం మీ బావ మాటని తీసుకుంది గానీ చెవుల్ని వదిలేసింది. పక్కగదిలోంచి అన్నీ వింటారు.

నువ్వు మీ ఊరు ప్లెయిన్స్‌బరోలో కేశవరావుగారి దగ్గర కొని పంపిన వ్యాన్ దారిలో ఆగిపోతోంది.

అది వచ్చిన రోజు ఎంత సంబరపడ్డానో నీకు తెలుసు. పాతదైతేనేం, చక్రాల కుర్చీతో సహా ఆయన్ని ఎక్కించే ర్యాంప్ ఉంది. పక్కూరు డర్హమ్‌లో థెరపీకి ఇక ఎవరినీ బతిమాలక్కర్లేదు అనుకున్నాను. గుళ్ళో వాహనపూజ చేయించాను. పంతులుగారు ముందు అద్దం కింద బొట్టు పెడితే, గ్యాస్, అదే పెట్రోలు, పోసే మూతకి నేను పెట్టాను. బండి అన్నం తినే నోరు అదే కదా. అప్పట్నుంచీ బయల్దేరిన ప్రతిసారీ పసుపూ గంధమూ కలిపి ఆ మూతకి మెత్తి, పైన కుంకుమ పెడుతున్నాను.

అయినా హైవే ఎక్కిన కాసేపటికి దగ్గుతుంది, గుంజుతుంది, ఆగిపోతుంది. పక్కన పెట్టుకుని కూర్చుంటే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. మెకానిక్ గ్యాస్ పంపు మార్చాడు, ఫిల్టర్ మార్చాడు. అతని దగ్గర చక్కగా నడుస్తుంది. గ్యాస్ పోయడానికి మూత తిప్పితే మాత్రం బుస్సుమని గాలి పీల్చుకుంటుంది. అదేమిటని అడిగితే, పాత బండి కదా అన్నాడు.

మొన్న మండుటెండలో ఆగింది. పక్కనుంచి ట్రక్కులు పోతుంటే వ్యాన్ ఊగిపోతోంది. బెల్టులతో బిగించిన ఆ కుర్చీని ఒక్కదాన్నే దింపలేను. ఆయన మొహం కందిపోయింది. ఆయనకి మిగిలింది ఒక్క మాట, అదే అడిగారు.

"ఇంటికేనా?"

"ఇంటికే" అన్నాను. బండి కదల్లేదు.

కేశవరావుగారు తెలిసే అమ్మారా? నువ్వు తెలిసే కొన్నావా? అడగకూడదనుకున్నాను. అడిగేశాను.

మీ అక్క,
లీల

*

క్యారీ,
జూలై

శంకరం,

నీ జవాబు చేరింది. నీకు తెలియదన్నావు. నమ్మాను.

పోయిన నెల రజిని ఫోన్ చేసి, "వదినా, మీకేమన్నా అయితే అన్నయ్యగార్ని ఎవరు చూస్తారు? కేర్‌హోమ్ అంటే తప్పేం కాదు" అంది. అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు లేదు.

నిన్న పక్కకి తీసే వ్యవధి కూడా ఇవ్వకుండా మధ్య లేన్‌లో ఆగింది. వెనక ట్రక్కు. హారన్ మోగుతూనే ఉంది. అది మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా తప్పుకుపోయింది. పోలీసు వచ్చేదాకా నా చేతులు స్టీరింగ్‌ని వదల్లేదు. ఆయన మళ్ళీ అదే మాట అడిగారు.

థెరపీ మానితే ఉన్న కాస్త కదలికా పోతుందన్నారు డాక్టరు. ర్యాంప్ ఉన్న ఇంకో బండి మా తాహతుకి మించినది. కేర్‌హోమ్‌లో అయితే థెరపీ అక్కడే ఉంటుంది. సోమవారం చేరుస్తానని చెప్పేశాను. వ్యాన్ అమ్మేస్తాను. ఆయనకింకా చెప్పలేదు. పూజలో కూర్చుంటే నోటికొచ్చిన స్తోత్రమే మధ్యలో తప్పుతున్నాను.

నువ్వు రావద్దు. నిన్ను చూస్తే నా మనసు మారిపోతుంది.

అక్క

*

క్యారీ,
మంగళవారం

శంకరం,

ముందు ఈ మాట చదువు. మీ బావ ఇంట్లోనే ఉన్నారు.

శనివారం వ్యాన్ చూడ్డానికి ఎవరో వస్తామన్నారు. ఆ వ్యాన్‌లోనే గుడికి వెళ్ళొచ్చి, బొట్టుతో బండిని పరాయివాళ్ళకి ఇవ్వలేక తుడవబోయాను. మూత మీద పసుపు పెచ్చు కట్టింది. చెంచాతో గీకాను. పెచ్చు ఊడగానే బుస్సుమంది. మూతని నేను తిప్పనైనా లేదు. చూద్దును కదా, సూది దూరేంత చిల్లు.

కేశవరావుగారికి ఫోన్ చేశాను.

"ఆ చిల్లు నేనే వేశానమ్మా. ట్యాంక్‌లోకి గాలి వెళ్ళే గొట్టం ఎప్పుడో పూడిపోయింది. గ్యాస్ ఖర్చయ్యేకొద్దీ లోపలికి గాలి పోవాలి. పోకపోతే పంపు ఎంత లాగినా గ్యాస్ రాదు."

"ముందే చెప్పొచ్చు కదండీ?"

"చెబితే మీ తమ్ముడు కొనేవాడా? అయినా దాన్ని ఎవరో మూస్తారని నాకేం తెలుసు! దేంతో మూశారు?"

"పసుపుతో."

"అక్కడ హారతి ఇవ్వలేదు కదా? నయం!" అన్నారు.

మెకానిక్ ఆ గొట్టం బాగుచేసి కొత్త మూత వేశాడు. కేర్‌హోమ్‌కి రామని చెప్పేశాను. నిన్ను అనుమానించాను, మనసులో పెట్టుకోకు. బొట్టు మానలేదు. అద్దం కింద పెడుతున్నాను.

నిన్న సోమవారం. కేర్‌హోమ్‌కని ఆయన బట్టలు సర్దిన పెట్టె మంచం కింద దాచాననుకున్నాను. చూసేశారని తిరుగుదారిదాకా నాకు తట్టలేదు. డర్హమ్ వెళ్ళేటప్పుడు దారంతా ఆ ఒక్క మాటా అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని కాబోలు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. థెరపీ అయ్యాక హైవే ఎక్కాం. ట్రక్కు మమ్మల్ని తప్పించుకుపోయిన చోటు వచ్చింది. వ్యాన్ దగ్గలేదు. దాటిపోయాం.

ఆయన అడక్కుండానే, "ఇంటికే" అన్నాను.

ఆయన ఏడ్చారు. నేను ఏడవలేదు. డ్రైవ్ చేస్తున్నాను కదా.

ఆశీస్సులతో,
అక్క లీల