ఆరోగ్యవంతుల వరుస

ప్రియమైన అక్కా,

ఫోన్లో అయితే ఇద్దరం అరుచుకుంటాం, అందుకే ఉత్తరం. పొద్దున్న లేచాక చాలాసేపు వేళ్ళు ముడుచుకోవడం లేదు. కుళాయి మోచేత్తో తిప్పుతున్నాను. మామూలు కీళ్ళవాతం పరీక్షల్లో ఏమీ లేదని డాక్టరు పంపేశాడు. కుట్టుకొట్టు యజమానురాలేమో, "జబ్బని కాయితం తెస్తే కూర్చుని సుద్దగీతలు గీద్దువుగాని, లేదంటే కత్తెర పట్టు" అంటోంది. ఆ కత్తెర పడితే ప్రాణం పోతోందే! మీ ల్యాబులో కొత్త పరీక్ష అన్నావుగా, మొన్న నువ్వు తీసుకెళ్ళిన నా రక్తం చూశావా?

నీమీదే ఆశ పెట్టుకున్న
చిట్టి

•

ప్రియమైన చిట్టీ,

చూశాను. కీళ్ళలో ఎముకలు ఒరుసుకోకుండా ఉండే మెత్తటి పొరలో కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. వాపు తగిలితే అది కాస్త రూపు మారుతుంది. ఇంటాయన గడ్డం పెంచుకొస్తే పెంపుడు కుక్క కరిచినట్టు, ఒంటి కాపలావాళ్ళు గుర్తుపట్టక సొంతదాన్నే కరుస్తారు. ఆ కరిచే యాంటీబాడీలు రక్తంలో ఎంత ఉన్నాయో చూడటమే మా పరీక్ష. ఇంతకు మించితే జబ్బని మేమొక గీత పెట్టుకున్నాం, నీకు దాని కిందే ఉన్నాయి. అంటే జబ్బు లేదు. నేనే స్వయంగా చేశాను, వంక పెట్టకు. నువ్వు చిన్నప్పట్నుంచీ గోరంతలు కొండంతలు చేసేదానివేగా! పని చేస్తే ఎవరికి నొప్పుండదు? కత్తెర పట్టు, అదే సర్దుకుంటుంది.

ప్రేమతో
అక్క

•

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు, అక్కా,

నీ మాట నమ్మి రెండేళ్ళు కత్తెర పట్టాను. అబ్బా అంటే చాలు, "మీ అక్కే ఏమీ లేదంది కదా" అని మీ మరిది నోరు మూయించాడు. ఇప్పుడు కుడిచేతి వేళ్ళు పక్కకి ఒరిగిపోయాయి. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?" అన్నారు. ఏం చెప్పను? మా అక్క ల్యాబులో పనిచేస్తుందని చెప్పనా? కొట్లో నా బల్ల ఇంకొకామెకిచ్చేశారు. ఇది ఎడంచేత్తో రాస్తున్నాను. వంకర అక్షరాలు చూసి నవ్వుకో.

చిట్టి

•

ప్రియమైన చిట్టీ,

ల్యాబులో దాచిన నీ పాత రక్తం తీసి మళ్ళీ చేశాను. అంకె అదే వచ్చింది. తప్పు గీతలో ఉంది. ఏ జబ్బూ లేనివాళ్ళ రక్తం కొంత వరుసగా పెట్టి చూస్తాం, వాళ్ళకంటే బాగా ఎక్కువుంటేనే జబ్బంటాం. ఆ వరుసకి మనుషులు చాలక ల్యాబువాళ్ళమే తలా కాస్త రక్తం ఇచ్చాం. అందులో ఒకటి మిగతావాటికంటే ఎంతో పైన ఉంది. ఆరోగ్యవంతులదే కదా అని కలిపేశాం, దాంతో గీత పైకి పోయింది. అది తీసేసి లెక్క కడితే నువ్వు గీతకి పైనున్నావు. నీకు అప్పుడే జబ్బుందే.

ఆ ఒక్కటి నాది, చిట్టీ. నాకింకా ఏ నొప్పీ లేదు. కానీ నొప్పికి ఏళ్ళ ముందే ఇవి రక్తంలో పుట్టొచ్చట. ఏ వేలు వాచినా వెంటనే రమ్మన్నాడు డాక్టరు. ఎలా మొదలవుతుందో నీకు తెలుసు. భయమేస్తోందే. నాలుగు తిట్టయినా చెప్పు.

నీ
అక్క

•

అక్కా,

నాలుగు కాదు, నలభై తిట్టాను. కాయితమ్మీద పెట్టలేదంతే.

మొదట పాదం కింద గులకరాయి ఉన్నట్టుంటుంది. చెప్పు దులుపుతావు, ఏమీ రాలదు. తర్వాత ఉంగరం బిగుస్తుంది. అప్పుడే పరుగెత్తు. ఎవరేం చెప్పినా వినకు.

ఇంత చెప్పానని మనసు కరిగిందనుకోకు. నీకు రావాలని కోరుకోను, ఒట్టు. కానీ వచ్చినా నీకు ముందే తెలుసు, మందు వేళకి పడుతుంది, నీ వేళ్ళు నిలుస్తాయి. నేను మొత్తుకున్నందుకు నాకు చీవాట్లు, నీకు హెచ్చరిక. నీమీద జాలిపడదామని కూర్చుంటే అసూయ పుట్టుకొస్తోంది, తోడబుట్టినదానిమీద!

కొన్నాళ్ళు ఇటు రాకు. నీ చక్కటి చేతులు చూసి ఓర్చుకోలేను.

చిట్టి